గాలి తుపాకి గురి

హిమాయత్ సాగర్ చెంత నున్న కొత్వాల్‌గూడ మొదలు ఏ ఊరి పిల్లలకైనను జాతరలో బుడగలు పగులగొట్టే గాలి తుపాకి వింత కాదు. గురి తప్పితే చేతిని నిందించటం లోకరీతి. కాని దోషం తరచు తుపాకి కడుపులోనే ఉంటుంది.

గొట్టాన్ని క్రిందికి వంచినప్పుడు లోపలి బలమైన స్ప్రింగు అణగి నిలుస్తుంది. మీట నొక్కగానే పిస్టను ముందుకు దూకి ఎదుటి గాలిని కుదిస్తుంది. ఆ గాలి గుండును తరుముతుంది. చిక్కంతా ఇక్కడనే. గుండు గొట్టం దాటకముందే తుపాకి వెనుకకు అదరటం ఆరంభిస్తుంది. పిస్టను ఆగేసరికి మరల ముందుకు అదురుతుంది.

స్ప్రింగు నడుమ నుండే ఊచ వదులైతే స్ప్రింగు తంబురా తీగ వలె మ్రోగుతుంది. నేర్పరి ఆ ఊచను బిగువుగా అమర్చి, స్ప్రింగు కొసలను నునుపు చేసి, చిక్కని గ్రీజు పలుచగా పూస్తాడు. నూనె పోయటం అవివేకం: కుదించిన గాలి వేడికి అది డీజిలు యంత్రంలో వలె అంటుకొంటుంది. అణగి ఉన్న స్ప్రింగును తగిన బిగింపు లేక విప్పితే కన్నే పోవచ్చును. విద్యార్థులు దీని జోలికి పోరాదు.

ఇంత చేసినా, అదిమి పట్టితే గురి కుదరదు. ప్రతిసారీ ఒకే తీరున, వదులుగా పట్టి, తుపాకిని దాని మానాన అదరనివ్వాలి.

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో కాంస్య పతకం గెలిచారు. అక్కడి లక్ష్యపు నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, గుండు 4.5 మిల్లీమీటర్లు! నేటి పోటీ తుపాకులలో స్ప్రింగు తోసే పిస్టను లేదు, సిలిండరులో ముందే నింపిన గాలియే గుండును పంపుతుంది. పాత స్ప్రింగు బుడగల అంగడిలో ఇంకా మ్రోగుతూనే ఉన్నది.