మీకు తెలుసా? వారెంటుకు కాలదోషం పట్టదు

ఎప్పుడో హైదరాబాద్‌లో డ్రంకెన్ డ్రైవ్‌లో దొరికి, బండి విడిపించుకుని, కోర్టు వాయిదాకు వెళ్లకుండానే ఊరు మారిపోయినవాళ్లు ఉన్నారు. ‘ఇన్నేళ్లయింది, ఈపాటికి కొట్టేసి ఉంటారులే’ అన్నది వాళ్ల ధీమా. ఈ సంగతులు వాళ్ల కోసం, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం.

• కోర్టు జారీ చేసిన అరెస్టు వారెంటు అమలయ్యేదాకా, లేదా జారీ చేసిన కోర్టే రద్దు చేసేదాకా చెల్లుతుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 70వ సెక్షన్‌లోనూ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 72వ సెక్షన్‌లోనూ ఇదే మాట. ఇలాంటి చిన్న నేరాలకు ఏడాది కాలపరిమితి ఉన్నమాట నిజమే. కానీ అది కోర్టు కేసును విచారణకు స్వీకరించడానికి పెట్టిన గడువు. ఒకసారి స్వీకరించాక ముద్దాయి ఎన్నేళ్లు కనబడకపోయినా కేసు చావదు.

• మనిషి దొరకని కేసును మన కోర్టుల్లో ‘లాంగ్ పెండింగ్’ రిజిస్టరులోకి మారుస్తుంటారు. వాయిదాలు ఆగిపోతాయి కాబట్టి మూసేసినట్టే అనిపిస్తుంది. ముద్దాయి దొరికిన రోజున అది మళ్లీ పైకి వస్తుంది.

• తాగి నడపడం బెయిలబుల్ నేరమే. అయినా వాయిదాకు రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంటు రావచ్చు. చాలామంది భయపడేది ఇక్కడే. ఆ పేరుకు అర్థం బెయిలు దొరకదని కాదు, పోలీసులు తమంతట తాము వదలకుండా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని. బెయిలు ఇవ్వాలా వద్దా అన్నది ఆయన చూసుకుంటారు. ఆ వారెంటును దేశంలో ఎక్కడైనా అమలు చేయవచ్చు.

• 2019 సెప్టెంబరు 1కి ముందు మొదటిసారి దొరికినవారికి గరిష్ఠ జరిమానా 2,000 రూపాయలు, ఇప్పుడు 10,000. ఆరు నెలల వరకు జైలు అన్నది అప్పుడూ ఇప్పుడూ ఒకటే. 2017లో దొరికినవారి కేసు ఇవాళ తేలినా పాత జరిమానాయే వర్తిస్తుంది. రాజ్యాంగంలోని 20వ అధికరణ ఇచ్చిన రక్షణ అది. హెల్మెట్ చలానాలా ఫోన్లో కట్టేసి వదిలించుకునే వీలు మాత్రం లేదు.

• వారెంటు ఉందన్న కారణంతో పాస్‌పోర్టు నిరాకరించే అధికారం 1967 నాటి పాస్‌పోర్టుల చట్టంలో ఉంది. ఉన్న పాస్‌పోర్టును కూడా స్వాధీనం చేసుకోవచ్చు. అమెరికా వీసా దరఖాస్తులో ‘ఎప్పుడైనా అరెస్టయ్యారా?’ అని నేరుగా అడుగుతారు.

• మన పేరు మీద ఏముందో ముందే చూసుకోవచ్చు. ఈ-కోర్ట్స్ యాప్‌లో పేరుతోనో, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన సీఎన్ఆర్ నంబరుతోనో వెతికితే కేసు ఏ కోర్టులో, ఏ దశలో ఉందో కనిపిస్తుంది. సమన్లు రాలేదు కాబట్టి కేసు లేదనుకోవద్దు, అవి లైసెన్సు మీద ఉన్న పాత చిరునామాకు వెళ్లి తిరిగొచ్చిన సందర్భాలూ ఉంటాయి.

• దారి ఉంది. లాయరుతో వకాలత్ వేయించి, అదే కోర్టులో వారెంట్ రీకాల్ పిటిషన్ పెట్టుకోవాలి. ముద్దాయి స్వయంగా నిలబడటం మంచిది. రాలేకపోయిన కారణానికి ఆసుపత్రి కాగితాలో, ఇల్లు మారిన రుజువులో చూపాలి. పోలీసులు పట్టుకొచ్చినవారికీ, తానే వచ్చి నిలబడినవారికీ కోర్టు దృష్టిలో తేడా ఉంటుంది. రద్దు చేసేటప్పుడు కోర్టు కొంత ఖర్చు వేయవచ్చు, కొత్త జామీను అడగవచ్చు.

• రద్దయ్యాక సర్టిఫైడ్ కాపీ తీసుకోవడం మరవకండి. 2002 ఆగస్టు 15న మహారాష్ట్రలో ఒక న్యాయవాదిని వారెంటు మీద అరెస్టు చేశారు. ఆ వారెంటు అప్పటికే రద్దయింది. ఆ మాటే ఆయన చెప్పారు, కానీ చూపడానికి చేతిలో కాగితం లేదు. చట్టం తెలిసిన మనిషికే ఆ గతి పట్టింది. ఆ కేసులోనే 2011లో సుప్రీంకోర్టు, వారెంట్లకు రిజిస్టర్లు నిర్వహించాలంటూ కోర్టులకూ పోలీసులకూ మార్గదర్శకాలు ఇచ్చింది.

• మీకు జామీను ఉన్న మనిషి గుర్తున్నారా? మీరు వాయిదాకు వెళ్లకపోతే బాండు డబ్బు కోసం కోర్టు నోటీసు వాళ్లింటికే వెళ్తుంది. సాయం చేసిన పాపానికి వాళ్లు కోర్టు మెట్లెక్కాలి. నన్నడిగితే, మీ భయాన్ని పక్కనపెట్టి రేపే కదలడానికి ఈ ఒక్క కారణం చాలు.

• లాయరు ఫీజు భారమనిపిస్తే మండల, జిల్లా న్యాయసేవాధికార సంస్థల్లో ఉచితంగా లాయరును ఇస్తారు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేదు. ఫోన్ నంబరు 15100.