ఒకే డైరీలో పూలూ, బానిసల చట్టమూ

1851 అక్టోబర్ 1. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, కాంకర్డ్ ఊరు. చెట్ల, పిట్టల సంగతులు రాసుకునే డైరీలో రచయిత హెన్రీ డేవిడ్ థోరో ఆ రోజు ఒక మనిషి గురించి రాశాడు. వర్జీనియా నుంచి పారిపోయి వచ్చి, హెన్రీ విలియమ్స్ అని పేరు మార్చుకున్న బానిసను కెనడా దారిలో రైలెక్కించాడు. మధ్యాహ్నమే పంపుదామని టికెట్ కొనబోతే, స్టేషన్లో అచ్చం బోస్టన్ పోలీసులా ఉన్న మనిషొకడు కంటపడ్డాడట. ఆ బండి వదిలేసి సాయంత్రం పంపాడు.

అంత భయం దేనికంటే, 1850లో వచ్చిన చట్టం వల్ల. కాలిఫోర్నియాను బానిసత్వం లేని రాష్ట్రంగా చేర్చుకున్నందుకు దక్షిణాదివారిని బుజ్జగించడానికి అమెరికా కాంగ్రెస్ దాన్ని ఆమోదించింది. పారిపోయినవారు ఎక్కడ దొరికినా యజమానికి అప్పగించాలి. పట్టుబడినవారికి జ్యూరీ విచారణ లేదు, తమ తరఫున సాక్ష్యం చెప్పుకునే హక్కూ లేదు. తీర్పు చెప్పే కమిషనర్‌కు, వదిలేస్తే 5 డాలర్లు, అప్పగిస్తే 10. మొగ్గు ఎటో వేరే చెప్పాలా! ఈ చట్టాన్ని సమర్థించినవారిలో మసాచుసెట్స్ సెనేటర్ డేనియల్ వెబ్‌స్టర్ కూడా ఉన్నాడు.

1854 మే నెలలో, పారిపోయి వచ్చిన బానిస ఆంథనీ బర్న్స్‌ను బోస్టన్‌లో పట్టుకున్నారు. జూన్ 2న సైన్యం కాపలాతో వీధుల్లో నడిపించి ఓడెక్కించారు. ఆ జూన్ పేజీల్లో ప్రభుత్వం మీద థోరో కోపం కట్టలు తెంచుకుంది. షికారుకు వెళ్లినా మనసు నిలవలేదు. జూన్ 16న తెల్లకలువ వాసన తగిలిందని రాసింది కూడా ఆ కోపం మధ్యనే. జులై 4న ఫ్రామింగ్‌హామ్ బానిసత్వ వ్యతిరేక సభలో ఉద్యమ నాయకుడు గారిసన్ అమెరికా రాజ్యాంగ ప్రతిని తగలబెట్టాడు. అదే వేదిక మీద థోరో చేసిన ప్రసంగానికి ముడిసరుకు చాలావరకు ఈ డైరీయే. ప్రసంగం చివర్లో ఆ కలువ కూడా వస్తుంది. రాజకీయ ప్రసంగంలో పువ్వేమిటని విసుక్కునేవారు ఉండొచ్చు. నాకైతే డైరీ చూశాక అది అతికించినట్టు అనిపించలేదు.

ఈ డైరీ రాస్తూనే, కాంకర్డ్‌లో ఏ పువ్వు ఏ తేదీన మొదట విచ్చిందో 1852 నుంచి 1858 వరకు థోరో పట్టుబట్టి నమోదు చేశాడు. బోస్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ ప్రైమాక్ బృందం ఆ తేదీలను 2004-2006 నాటివాటితో పోల్చి చూస్తే, సాధారణంగా కనిపించే 43 రకాల మొక్కలు సగటున వారం రోజులు ముందే పూసినట్టు తేలింది. బర్న్స్‌ను ఓడెక్కించిన 1854 వేసవి కూడా ఆ లెక్కల్లో ఉంది.