కలపకు ముద్ర ఉంది, కొట్టేవాడికి పత్రమేదీ?

కలప వ్యాపారంలో కాగితం లేనిదే దుంగ కదలదు. 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టాన్ని అనుసరించి 1969లో రంపపు మిల్లుల నిబంధనలు, 1970లో అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలు వచ్చాయి. రైతు పొలం గట్టున పెరిగిన టేకు అయినా సరే, యజమాని గుర్తు పడి, రవాణా పర్మిట్ చేతికి వచ్చిన తరువాతనే లారీ ఎక్కాలి. దుంగను కోసే మిల్లుకు లైసెన్సు ఉండాలి. 2002లో వాల్టా చట్టం వచ్చాక చెట్టు కొట్టడానికే ముందుగా అనుమతి తీసుకోవలసి వచ్చింది. ఈ వరుసలో ఏ కాగితమూ అడగని మనిషి ఒక్కడే ఉన్నాడు. అతడు చెట్టు మొదట్లో రంపం పెట్టేవాడు.

సరుకు ధర చాలావరకు అతడి చేతిలోనే తేలుతుందన్న సంగతి అడితి నడిపే వారందరికీ తెలుసు. టేకు దుంగకు పొడవును, చుట్టుకొలతను, సూటిదనాన్ని బట్టి ధర పలుకుతుంది. నేలకు రెండడుగుల ఎత్తున కోస్తే అన్నిటికంటే లావైన మొదలు భాగం మోడుగా పొలంలోనే మిగిలిపోతుంది. పడవలసిన వైపు గాటు సరిగా పెట్టకుండా వెనుక నుంచి కోసుకుంటూ పోతే మాను నిలువునా చీలుతుంది. చీలిన మాను దూలానికి పనికిరాదు, చిన్న సైజుల రేటుకు దిగిపోతుంది. బండరాయి మీద పడిన మానులో కనబడని పగులు మిల్లులో రంపం కిందకు వెళ్ళాక బయటపడుతుంది. రైతు ఏళ్ళ తరబడి పెంచిన చెట్టు విలువ కొద్ది నిమిషాల్లో తరిగిపోతుంది.

ప్రాణం మీదికి వచ్చే తప్పులూ ఇవే

సరుకును చెడగొట్టే తప్పే మనిషినీ చంపుతుంది. నిలువునా చీలిన మాను వెనక్కి లేచి కోసేవాడి మీదికే వస్తుంది. అమెరికా కార్మిక గణాంకాల ప్రకారం 2023లో కలప కోత కార్మికుల్లో లక్షకు 98.9 మంది వంతున పనిలో మరణించారు. అన్ని వృత్తులకూ కలిపి చూస్తే అది 3.5 మాత్రమే. యంత్రాలు, శిరస్త్రాణాలు ఉన్న దేశంలోని మాట ఇది. తలకు తువ్వాలు చుట్టి, కాళ్ళకు చెప్పులతో మిషన్ రంపం పట్టే మన కూలీ పరిస్థితి వేరే చెప్పనక్కరలేదు.

నేర్పవలసింది కొండంత ఏమీ కాదు. పడే వైపున మాను మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు వరకు గాటు పెట్టాలి. వెనుక కోతను చివరి దాకా పోనివ్వకుండా మధ్యలో సన్నని పట్టీ వదలాలి. ఆ పట్టీయే తలుపుకు బందులాగా మానును చెప్పిన వైపుకు వాలుస్తుంది. కోయబోయే ముందే వెనుకకు, పక్కకు తప్పుకునే దారి శుభ్రం చేసి ఉంచుకోవాలి. ఒక చెట్టు కొట్టేచోట ఇతర కూలీలు కనీసం రెండు చెట్ల పొడవు దూరంలో ఉండాలి. అమెరికాలో 1995 నుంచి అమలులో ఉన్న సమాఖ్య భద్రతా నిబంధన ఈ దూరాన్ని నిర్దేశించింది. ప్రతి కార్మికుడికీ శిక్షణ, ప్రథమ చికిత్స తెలిసి ఉండాలని కూడా ఆ నిబంధన చెబుతుంది.

విదేశాల్లో లైసెన్సు

లైసెన్సు విషయంలో ఒక్కొక్కచోట ఒక్కొక్క పద్ధతి ఉంది. కాలిఫోర్నియాలో 1973 నాటి అటవీ చట్టం ప్రకారం వ్యాపారానికి కలప కొట్టించేవాడికి రాష్ట్ర లైసెన్సు ఉండాలి. అది లేకుండా పని చేయిస్తే నేరం. వెస్ట్ వర్జీనియా 1992లో చేసిన చట్టం ప్రకారం కోత సంస్థకు లైసెన్సు ఉండడమే కాక, ప్రతి కూపులోనూ సర్టిఫికెట్ పొందిన కోతగాడు పర్యవేక్షించాలి. వాగులు పూడిపోకుండా చూడడం ఆ చట్టం ఉద్దేశం. యూరప్‌లో రంపం పట్టే వ్యక్తికే నాలుగు మెట్ల పరీక్ష ఉంది. రంపం సంరక్షణ, దుంగలు ముక్కలు చేయడం మొదటి మెట్టు. చిన్న చెట్లు పడగొట్టడం రెండవది, పెద్ద చెట్లు మూడవది. గాలివానకు ఒరిగి, బిగిసి ఉన్న చెట్లను కోయడం నాలుగవ మెట్టు.

వ్యాపారులు గమనించవలసిన విశేషం మరొకటి ఉంది. అమెరికాలో చాలాచోట్ల శిక్షణను వ్యాపింపజేసింది సర్కారు కాదు, కొనుగోలుదారు. 1990ల మధ్యలో అక్కడి కాగితపు, కలప మిల్లులు సొంతంగా ఒక ధ్రువీకరణ పద్ధతి పెట్టుకుని, శిక్షణ పొందిన కోతగాళ్ళ సరుకుకే మొగ్గు చూపాలని నిర్ణయించుకున్నాయి. మిల్లు గేటు దగ్గర పత్రం అడిగేసరికి కోతగాళ్ళు తరగతులకు రాక తప్పలేదు.

మన ఇంటి లెక్క

మన దగ్గర ఇలాంటిది అసాధ్యమనడానికి లేదు. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడికి లైసెన్సు ఉంది, చెట్టెక్కే పరీక్ష కూడా ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం తాటి గీతనూ, చెట్లు కొట్టడాన్నీ ఒకే అంశంలో పక్కపక్కనే చేర్చింది. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా ఆ రక్షణను కొనసాగించింది. పక్కపక్కన ఉన్న ఈ ఇద్దరిలో ఒకడికి పరీక్ష పెట్టిన మనం రెండవవాడిని వదిలేశాము. ఫలితంగా, మేస్త్రీ నోటిమాట మీద పనికి వచ్చిన కూలీ చెట్టు కింద పడితే, అతడు ఎవరి దగ్గర పని చేస్తున్నాడో రుజువు చేసే చీటీ కూడా కుటుంబం చేతిలో ఉండదు. చట్టం ఇచ్చిన పరిహారం అక్కడే ఆగిపోతుంది.

సరుగుడు, జామాయిల్, సుబాబుల్ కోతల్లో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. రైతుకు సౌకర్యంగా ఉండాలని ఈ రకాలకు రవాణా పర్మిట్ మినహాయించారు. కాబట్టి ఇక్కడ కర్రకూ కాగితం లేదు, కొట్టేవాడికీ లేదు. అయితే దారి చూపే అవకాశం కూడా ఇక్కడే ఉంది. సారపాకలోని ఐటీసీ మిల్లు, రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ తమ కర్రకు ఎఫ్ఎస్‌సీ ధ్రువీకరణ తెచ్చుకున్నాయి. పనికి తగిన శిక్షణ, రక్షణ సామగ్రి కార్మికులకు అందాలన్నది ఆ ధ్రువీకరణ షరతుల్లో ఒకటి. ఆ షరతు మిల్లు ఫైళ్ళు దాటి మేస్త్రీ ముఠా దాకా రావాలి.

పెద్ద చట్టం కోసం ఎదురుచూడనక్కరలేదు. ముఠాకు ఒక్కరైనా శిక్షణ పొందినవారు ఉండాలనీ, కూలీల పేర్లు మేస్త్రీ చీటీలో రాయాలనీ మిల్లులు, అడితులు కొనుగోలు షరతుల్లో పెట్టవచ్చు. లైసెన్సు అనగానే కార్యాలయాల చుట్టూ తిప్పే మరో కాగితం అవుతుందన్న భయం రైతుల్లో, మేస్త్రీల్లో సహజం. ఫీజుకు కాక చేతిపనికి పరీక్ష పెట్టి, కోత జరిగే పొలంలోనే నేర్పితే ఆ భయం ఉండదు. శిక్షణ ఖర్చు కొంత సరుకు మీద పడే మాట నిజమే. మోడుగా మిగిలే కర్ర, చీలిపోయే దుంగ విలువ లెక్కగడితే ఆ ఖర్చు ఎవరికీ బరువు కాదు.