రసం కూడా ఎర్రగా ఉండే ద్రాక్ష

మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్ష పందిళ్లు హైదరాబాదీలకు పాత పరిచయమే. అంతగా పేరు వినపడని ఒక ఎర్ర రకాన్ని ఇప్పుడు పరిచయం చేసుకుందాం.

● మామూలు నల్ల ద్రాక్షలో రంగంతా తొక్కలోనే ఉంటుంది. తొక్క ఒలిస్తే లోపలి గుజ్జు లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. రెడ్ వైన్ చేసేవాళ్లు తొక్కలతో సహా పులియబెట్టేది ఆ రంగు కోసమే.

● 'పూసా నవరంగ్' తీరు వేరు. దీని గుజ్జూ ఎరుపే. ఒక్క పండు చిదిమినా వేళ్లు ఎర్రబారతాయి. రసానికి, రెడ్ వైన్‌కు అనువైన ఈ రకాన్ని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ 1990ల్లో అందించింది.

● దీని తల్లి 'మాడలీన్ ఆంజవీన్' ఫ్రాన్స్‌కు చెందిన తెల్ల ద్రాక్ష. ఎరుపంతా తండ్రి 'రూబీరెడ్' ఇచ్చిందే. కాలిఫోర్నియా శాస్త్రవేత్త హెరాల్డ్ ఓల్మో దాన్ని 1958లో విడుదల చేశారు. ఎర్ర గుజ్జు రకాల కోసం దక్షిణ ఫ్రాన్స్‌లో లూయీ బూషే 1824లోనే సంకరాలు మొదలుపెట్టారు. ఆయన కొడుకు హెన్రీ సాధించిన 'అలికాంతే బూషే' రూబీరెడ్‌కు పూర్వీకురాలు.

● వంశం ఇక్కడితో ఆగలేదు. పుణెలోని జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం పూసా నవరంగ్‌ను 'ఫ్లేమ్ సీడ్‌లెస్'తో కలిపి, రసం కోసమే 'మంజరి మెడికా'ను తయారుచేసింది.

● హైదరాబాద్‌కు ద్రాక్షలో పేరు తెచ్చింది మాత్రం తెల్ల రకమే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ తెచ్చిన 'అనాబ్-ఎ-షాహి' ఇక్కడి పందిళ్లను ఏలింది.

● చలిదేశాల్లో ద్రాక్ష తీగ శీతకాలమంతా నిద్రపోతుంది. మనకు అంత చలి లేదు కాబట్టి రైతే కత్తెర పట్టాలి. ఏప్రిల్‌లో కత్తిరిస్తే కొత్త రెమ్మలు వస్తాయి. వాటి కణుపుల మొగ్గల్లోనే రాబోయే గుత్తులు రూపు కడతాయి. అక్టోబరులో మళ్లీ కత్తిరిస్తే ఆ గుత్తులు బయటికొస్తాయి. ఎండలు ముదిరేలోగా పంట చేతికొస్తుంది.

● తినే ద్రాక్షకు పండు లావెక్కాలి, గుత్తి అందంగా ఉండాలి. అందుకోసం రైతు జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడతాడు, గుత్తుల్లో పండ్లు పలచన చేయిస్తాడు. రసం రకాలకు చిన్న పండే మేలు. అందువల్ల ఈ ఖర్చూ, కూలీల అవసరమూ చాలావరకు తప్పుతాయి.

ప్లాట్లుగా మారుతున్న నేలల మధ్య ఇంకా పందిరి నిలుపుకున్న రైతులకు ఇది ఆలోచించదగ్గ మాట. రెండు కత్తిరింపుల నేర్పు వాళ్ల చేతుల్లో ఎప్పటినుంచో ఉంది. రసం కొనే ఒప్పందం ముందుగా కుదిరితే, ఒకటి రెండు వరుసల్లో ఈ ఎర్ర రకాలను వేసి చూడొచ్చు.