షుగర్ వస్తే కిడ్నీలు ఎందుకు చెడతాయి?



మన హాస్టల్లో రోజుకు ఎన్ని గంటలు మోగేవో గుర్తుందా? నిద్ర లేపే గంట, స్టడీ గంట, అన్నం గంట. గంట కొట్టేవాడు నోరు తెరిచి ఏమీ చెప్పడు. అయినా ఏ గంటకు పుస్తకం పట్టాలో, ఏ గంటకు ప్లేటు పట్టాలో మనకు తెలుసు.

మన ఒంట్లోని కణాలు కూడా ఇలాగే పనిచేస్తాయి. ఒక కణం హార్మోన్ లాంటి పదార్థాన్ని వదులుతుంది. ఇంకో కణం మీద దాన్ని పట్టుకునే ప్రోటీన్ ఉంటుంది, దాన్ని గ్రాహకం అంటారు. అది పట్టుకోగానే కబురు కణం లోపలికి చేరుతుంది. పెరగాలా, ఆగాలా, కొత్త ప్రోటీన్ తయారు చేయాలా అన్నది ఆ కబురును బట్టి ఉంటుంది. దీన్నే కణ సంకేతం అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో సెల్ సిగ్నలింగ్.

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో ఈ పాఠం చదువుతున్నప్పుడు మాకు మా పెద్దనాయన గుర్తొచ్చాడు. తాడిపత్రిలో నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో బండలు మోసిన మనిషి. షుగర్ ఉందని తెలిశాక రెండేళ్ళు మాత్రలు వేసుకున్నాడు. ఎవరో చెప్పిన మాట విని మానేశాడు. అప్పుడు మేము ఇంటర్ బైపీసీ. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి తరం మాదే. "షుగర్ మాత్రలు తింటే కిడ్నీలు పోతాయంట, నిజమేనా? నువ్వు సైన్స్ చదువుతాండావు గదా!" అని అడిగాడు. మాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గుపడి ఊరుకున్నాం. ఇప్పుడు ఆయన వారానికి రెండుసార్లు తెల్లవారుజాము బస్సెక్కి డయాలసిస్‌కు అనంతపురం పోతున్నాడు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

రక్తాన్ని వడకట్టే జల్లెడ

ఒక్కో మూత్రపిండంలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లు ఉంటాయని పదో తరగతిలో చదివాం. ప్రతి నెఫ్రాన్ మొదట్లో సన్నని రక్తనాళాల గుచ్ఛం ఒకటి ఉంటుంది. అదే జల్లెడ. రెండు కిడ్నీలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకట్టి, దాదాపు అంతా తిరిగి రక్తంలోకి పంపి, ఒకటిన్నర లీటరు మాత్రం మూత్రంగా వదులుతాయి.

ఆ రక్తనాళాలను చుట్టుకుని పోడోసైట్లు అనే కణాలు ఉంటాయి. వాటికి పాదాల్లాంటి పోగులుంటాయి. రెండు చేతుల వేళ్ళను ఒకదానిలో ఒకటి దూర్చినట్టు ఆ పోగులు అల్లుకుని, మధ్యలో సన్నని సందులు వదులుతాయి. నీళ్ళు, యూరియా ఆ సందుల్లోంచి పోతాయి. ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్ రక్తంలోనే ఉండిపోతుంది. చర్మం మీది కణాల మాదిరి పోడోసైట్లు మళ్ళీ పుట్టవు. పోయినవి పోయినట్టే.

తప్పుడు గంటలు

కండరాల కణాల్లోకి చక్కెర బాగా పోవాలంటే ఇన్సులిన్ కావాలి. కిడ్నీ జల్లెడలోని చాలా కణాలకు ఆ అవసరం లేదు. రక్తంలో చక్కెర పెరిగితే వాటిలోనూ పెరుగుతుంది. అలా ఎక్కువైన చక్కెర ప్రోటీన్ కైనేజ్ సి అనే ఎంజైమును లేపుతుంది. కైనేజులు ఏటీపీ నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రోటీనుకు తగిలిస్తాయి. కబురు చేతులు మారడమంటే చాలావరకు ఇదే. ఆ ఏటీపీని 1929లో గుర్తించిన తొలి శాస్త్రవేత్తల్లో భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు ఒకరు.

ఈ కబుర్ల వల్ల టీజీఎఫ్ బీటా అనే పదార్థం పెరుగుతుంది. గాయమైనప్పుడు "మచ్చ కట్టి మాన్పు" అని చెప్పే గంట అది. ఇక్కడ గాయం లేదు, గంట మాత్రం రోజూ మోగుతుంది. జల్లెడలో మచ్చలాంటి గట్టి పదార్థం పేరుకుంటుంది. మరోవైపు యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ జల్లెడ నుంచి రక్తం బయటికి పోయే దారిని బిగిస్తుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది.

మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ బయోకెమిస్ట్రీ విభాగంలో ఆచార్య అనిల్ కుమార్ పసుపులేటి బృందం 2019లో ఇంకో గంట సంగతి బయటపెట్టింది. నాచ్ అనే సంకేతం బిడ్డ కడుపులో ఉన్నప్పుడు కిడ్నీ తయారీకి కావాలి, తర్వాత పోడోసైట్లలో దాదాపు నిద్రపోతుంది. గ్రోత్ హార్మోన్ మితిమీరితే అది మళ్ళీ మేలుకుంటుందని, పోడోసైట్లు తమ రూపం, పని మరిచిపోతాయని మనుషుల కణాల్లోనూ ఎలుకల్లోనూ చూపించారు. నాచ్‌ను ఆపే మందు ఇచ్చిన ఎలుకల్లో మూత్రంలో ప్రోటీన్ పోవడం తగ్గింది. షుగర్ వల్ల కిడ్నీ చెడినవారి కిడ్నీ ముక్కల్లోనూ నాచ్ ఎక్కువగా కనిపించింది. ఇది ఇంకా మనుషులకు మందుగా రాలేదు.

మరి మాత్రల సంగతి?

కిడ్నీని చెడగొడుతున్నది షుగర్ మాత్ర కాదు, అదుపులేని షుగర్. కిడ్నీ పని తగ్గాక మెట్‌ఫార్మిన్ లాంటి మాత్రల మోతాదు డాక్టరు తగ్గిస్తాడు, లేదా ఆపేస్తాడు. మనవాళ్ళు అది చూసి మాత్ర వల్లే కిడ్నీ పోయిందనుకుంటారు.

కొన్ని మాత్రలైతే తప్పుడు గంటనే ఆపుతాయి. బీపీకి వాడే లోసార్టాన్, యాంజియోటెన్సిన్ గ్రాహకం మీద కూర్చుని కబురును అడ్డుకుంటుంది. షుగర్ వల్ల కిడ్నీ దెబ్బతిన్న 1513 మందిని పరిశీలించి 2001లో ప్రకటించిన ఫలితాల్లో, దీన్ని వాడినవారికి కిడ్నీలు పూర్తిగా పోయే ప్రమాదం 28 శాతం తగ్గింది. కానీ బండలు మోసి నడుము నొప్పి అని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలున్నాయే, వాటిని నెలల తరబడి మింగితే కిడ్నీలకు నిజంగానే చెరుపు.

మనం చేయవలసింది

ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, వాపు ఉండదు. కాళ్ళు వాచేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూపించుకోవాలి. క్రియాటినిన్ గ్రాముకు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే అది హెచ్చరిక. అప్పుడే షుగర్, బీపీ అదుపు చేస్తే జబ్బును చాలావరకు నిదానింపజేయవచ్చు.

మన ఇళ్ళల్లో సైన్స్ చదివినవాళ్ళం మనమే. సెలవులకు ఊరికి పోయినప్పుడు అమ్మానాన్నల మాత్రల డబ్బా ఒకసారి తెరిచి చూడండి. ఏ మాత్ర మానేశారో, ఎందుకు మానేశారో అడగండి. జవాబు తెలియకపోతే మా మాదిరి సిగ్గుపడి ఊరుకోకండి, వాళ్ళను వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి పోండి.