వేరుశనగలో కాండం కుళ్ళు తెగులు: ట్రైకోడెర్మాకు తోడుగా ఏ మందు?

వేరుశనగలో కాండం కుళ్ళు తెగులును కలుగజేసే స్క్లెరోషియం రాల్ఫ్‌సి అను శిలీంధ్రం భూమిలో నివసిస్తుంది. తెగులు సోకిన మొక్కల కాండం మొదట్లో తెల్లని బూజు, దానిపై ఆవగింజలను పోలిన స్క్లెరోషియాలు ఏర్పడతాయి. ఇవి నేలలో కొన్ని సంవత్సరాల పాటు జీవించి ఉంటాయి. ఐదు వందలకు పైగా మొక్క జాతులను ఈ శిలీంధ్రం ఆశించగలదు. అందువలన పంట మార్పిడి ఒక్కదానితోనే దీనిని అదుపు చేయడం కష్టం.

ట్రైకోడెర్మా ఈ శిలీంధ్రపు తంతువులను చుట్టుకొని, వాటి కణకవచాన్ని కరిగించే ఎంజైములను విడుదల చేసి నశింపజేస్తుంది. అయితే ఇది నేలలో వృద్ధి చెందడానికి కొంత వ్యవధి పడుతుంది. శిలీంధ్రనాశిని వెంటనే పనిచేసినా దాని ప్రభావం క్రమేణా తగ్గిపోతుంది. ఒకదాని లోపాన్ని మరొకటి పూరించాలన్నదే ఈ రెండింటినీ కలిపి వాడడంలోని ఉద్దేశం. కానీ ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. మందు ఎంపికలో పొరపాటు జరిగితే శత్రువు మిగిలి, మిత్రుడు నశించే ప్రమాదం ఉంది.

అమెరికాలోని అలబామాలో వేరుశనగపై జరిగిన పరిశోధన ఈ ప్రమాదాన్ని స్పష్టం చేసింది. ఆకుమచ్చ తెగులు నివారణకు బెనోమిల్ పిచికారి చేసిన మళ్ళలో కాండం కుళ్ళు నష్టం అధికమైనట్లు 1975లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ మందు స్క్లెరోషియంను అదుపు చేయకపోగా, దానికి విరోధియైన ట్రైకోడెర్మాను అణచివేసింది. బెనోమిల్ విఘటనం చెందగా ఏర్పడేది కార్బెండజిమ్. మన ప్రాంతంలో తిక్క ఆకుమచ్చ తెగులుకు విరివిగా వాడే మందులలో ఇదొకటి. కావున ట్రైకోడెర్మా వేసిన పొలంలో కార్బెండజిమ్‌ను సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్తలు ఈ విషయాన్ని గుర్తుంచుకోవాలి.

మందు అనుకూలతను ప్రయోగశాలలో విషపూరిత ఆహార పద్ధతి ద్వారా నిర్ధారిస్తారు. మందు కలిపిన మాధ్యమంపై ట్రైకోడెర్మా పెరుగుదలను, మందు కలపని మాధ్యమంపై పెరుగుదలతో పోల్చి నిరోధక శాతాన్ని లెక్కిస్తారు. అదే మోతాదులో తెగులు శిలీంధ్రాన్ని కూడా పరీక్షించినప్పుడే ఫలితానికి అర్థం ఉంటుంది. సాధారణంగా మెటలాక్సిల్‌ను ట్రైకోడెర్మా బాగా తట్టుకొంటుంది. అయితే ఆ మందు స్క్లెరోషియంపై పనిచేయదు. మాంకోజెబ్‌ను తట్టుకొనే శక్తి ఐసోలేటును బట్టి మారుతుంది. టెబుకొనజోల్ స్క్లెరోషియంను సమర్థంగా అరికట్టినా ట్రైకోడెర్మాకు కూడా హానికరమే.

ఇటువంటి మందులను పూర్తిగా విడనాడవలసిన అవసరం లేదు. రెండింటినీ ఒకేచోట, ఒకేసారి కలపకుండా ఉంటే చాలు. విత్తనానికి శిలీంధ్రనాశిని పట్టించినప్పుడు ట్రైకోడెర్మాను నేలకు అందించాలి. ఇందుకు 2 కిలోల ట్రైకోడెర్మా పొడిని 90 కిలోల బాగా చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, తగినంత తేమతో నీడలో 10-15 రోజులు వృద్ధి చేసి, పదునులో ఎకరా పొలంలో వెదజల్లాలి. విత్తనశుద్ధికి ట్రైకోడెర్మానే ఎంచుకొంటే కిలో విత్తనానికి 10 గ్రాములు పట్టించాలి.

పరీక్ష పళ్ళెంలో మందు నేరుగా శిలీంధ్రాన్ని తాకుతుంది. నేలలో మట్టి రేణువులు, సేంద్రియ పదార్థం కొంత మందును పట్టి ఉంచుతాయి. కావున ప్రయోగశాల ఫలితాన్ని కుండీలలోను, పొలంలోను సరిచూసిన పిదపనే సిఫారసుగా మార్చాలి. స్థానిక ఐసోలేటును, స్థానికంగా వాడుకలో ఉన్న మందులను ఈ విధంగా పరీక్షించడం విద్యార్థులు చేపట్టదగిన, రైతుకు సూటిగా ఉపకరించే పరిశోధన.