అబ్బాయిల ఆట ఆడిన మార్తా

ఫుట్‌బాల్ అనగానే అందరికీ బ్రెజిలు దేశం జ్ఞాపకం వస్తుంది. అక్కడి పిల్లలు నడక రాగానే బంతి తన్నటం మొదలుపెడతారని వేడుకగా చెప్పుకుంటారు. కాని పిల్లలూ, ఒక చిత్రం వినండి. అదే దేశంలో ఒకప్పుడు ఆడవాళ్ళు ఫుట్‌బాల్ ఆడటం నేరం! స్త్రీల స్వభావానికి సరిపడని ఆటలను వాళ్ళు ఆడరాదని 1941లో అక్కడి ప్రభుత్వం శాసనం చేసింది. ఆ నిషేధం 1979 దాకా తొలగలేదు.

శాసనం పోయినంత మాత్రాన మనుషుల మనసులు మారతాయా? నిషేధం తొలగిన ఏడేళ్ళకు, 1986 ఫిబ్రవరి 19న, మార్తా పుట్టింది. ఈశాన్య బ్రెజిలులోని అలగోవస్ రాష్ట్రంలో దోయిస్ రియాషోస్ అనే చిన్న ఊరు ఆమెది. వానలు సరిగా పడని మెట్టనేల అది. మార్తా పసిపిల్లగా ఉన్నప్పుడే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి రెక్కలు ముక్కలు చేసుకుని నలుగురు పిల్లలనూ పెంచింది.

మార్తాకు బంతి కొనుక్కునే స్తోమతు లేదు. పారేసిన సంచులను ఉండగా చుట్టి, దాన్నే బంతిగా చేసుకుని తన్నేది. ఊళ్ళో ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్ల మరొకతె లేదు కనక మగపిల్లలతోనే ఆడేది. వాళ్ళను సునాయాసంగా తప్పించుకుని గోల్సు కొట్టేది. చూసినవాళ్ళు మెచ్చుకోవలసింది పోయి ఎగతాళి చేసేవారు. ఒక పోటీలోనైతే, ఆ పిల్ల ఆడితే తన జట్టును తీసుకుని వెళ్ళిపోతానని ఎదుటి జట్టు శిక్షకుడు పట్టుబట్టాడు.

ఆ ఊళ్ళోనే ఉంటే తన ఆట అంతటితో ఆగిపోతుందని మార్తాకు అర్థమయింది. పద్నాలుగో ఏట ఆమె బస్సెక్కి, మూడు రోజులు ప్రయాణం చేసి రియో డి జనీరో నగరం చేరింది. అక్కడ వాస్కో డ గామా అనే క్లబ్బువాళ్ళు ఆడపిల్లల జట్టు ఒకటి నడుపుతున్నారు. వాళ్ళు ఆమె ఆట చూసి వెంటనే చేర్చుకున్నారు.

పదిహేడో ఏట, 2003లో, మార్తా తన దేశం తరఫున మొదటిసారి ప్రపంచ కప్పులో ఆడి మూడు గోల్సు చేసింది. మరుసటి ఏడు స్వీడను దేశంలోని ఉమెయో నగరం జట్టువారు ఆమెను పిలిచారు. ఎండలో పెరిగిన పిల్లకు అక్కడ ఎటు చూసినా మంచే! భాష కూడా తెలియదు. అయినా మైదానంలో బంతి ఉన్నది, అది చాలు. 2005 నుంచి 2008 దాకా వరసగా నాలుగేళ్ళు ఆ జట్టే స్వీడనులో ప్రథమంగా నిలిచింది.

2007 ప్రపంచ కప్పు చైనాలో జరిగింది. సెమీఫైనల్లో బ్రెజిలు జట్టు అమెరికాను 4-0 తేడాతో ఓడించింది. అందులో మార్తా చేసిన రెండో గోలును ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. ఆమె గోలుకు వీపు పెట్టి ఉండగా బంతి వచ్చింది. వెనకనే ఒక క్రీడాకారిణి కాపలా కాస్తున్నది. మార్తా బంతిని ఆ అమ్మాయికి ఒక పక్కగా వెనక్కు తన్ని, తాను రెండో పక్కనుంచి తిరిగి వెళ్ళి మళ్ళీ అందుకున్నది. అడ్డం వచ్చిన ఇంకొకరినీ తప్పించి బంతిని గోల్లోకి కొట్టింది.

కాని ఫైనల్లో ఏమయింది? ఎదుటి జట్టు జర్మనీ. ఆ పోటీల్లో జర్మనీమీద ఒక్క గోలు కూడా ఎవరూ చేయలేకపోయారు. బ్రెజిలు ఒక గోలు వెనకబడి ఉన్న సమయంలో మార్తాకు పెనాల్టీ దొరికింది. అంటే గోలుకు పన్నెండు గజాల దూరంలో బంతి పెట్టి, గోల్‌కీపరు తప్ప మరెవరూ అడ్డం లేకుండా కొట్టవచ్చు. మార్తా కొట్టింది. గోల్‌కీపరు ఆపేసింది! బ్రెజిలు ఓడిపోయింది. ఆ పోటీల్లో అందరికన్నా ఎక్కువగా ఏడు గోల్సు చేసి, అత్యుత్తమ క్రీడాకారిణి బహుమతి పొందినా, మార్తాకు కప్పు మాత్రం దక్కలేదు. 2004, 2008, 2024 ఒలింపిక్సులలో కూడా ఆమె జట్టు ఫైనల్లో ఓడి వెండి పతకాలతో సరిపెట్టుకున్నది.

అయినా ఆమె పెనాల్టీ కొట్టటానికి జంకలేదు. 2019 ప్రపంచ కప్పు ఫ్రాన్సులో జరిగింది. జూన్ 18న ఇటలీమీద మార్తా చేసిన గోలు కూడా పెనాల్టీయే. అది ప్రపంచ కప్పులలో ఆమె 17వ గోలు. మగవాళ్ళలో అందరికన్నా ఎక్కువ చేసిన జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజె లెక్క అప్పటికి 16. ఐదు ప్రపంచ కప్పులలో గోల్సు చేసిన మొట్టమొదటి మనిషి కూడా, ఆడవాళ్ళలోనూ మగవాళ్ళలోనూ, మార్తాయే. తన దేశం తరఫున ఆమె వందకు మించి గోల్సు చేసింది. మహావీరుడనిపించుకున్న పేలే చేసినవి 77.

ఇంత చేసినా, బూట్లు తయారుచేసే కంపెనీలు మగ ఆటగాళ్ళకిచ్చే దానికన్నా చాలా తక్కువ డబ్బు ఇస్తామన్నాయి. మార్తా ఒప్పుకోలేదు. 2019లో ఏ కంపెనీ గుర్తూ లేని నల్ల బూట్లు తొడిగింది. వాటిమీద ఉన్నది రెండు చిన్న గీతలు, మీరు లెక్కల్లో వేసే సమాన గుర్తు! గోలు చేసిన తరవాత ఆ గుర్తును అందరికీ వేలితో చూపింది. ఆ పోటీల్లో ఫ్రాన్సు చేతిలో ఓడిన రోజున ఆమె తన దేశపు ఆడపిల్లలకు ఒక మాట చెప్పింది: తాను ఎల్లకాలం ఆడబోననీ, ఇక ఆట వాళ్ళ చేతుల్లోనే ఉన్నదనీ, చివర నవ్వాలంటే మొదట ఏడవక తప్పదనీ.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయి ఆమె పక్కనే నిలబడ్డారు. 2025 ఆగస్టు 2న క్విటో నగరంలో దక్షిణ అమెరికా కప్పు ఫైనలు జరిగింది. ఆ నగరం ఎంత ఎత్తున ఉన్నదంటే, గాలి పలచగా ఉండి, కాస్త పరిగెత్తితే చాలు రొప్పు వస్తుంది. మార్తాకు అప్పుడు 39 ఏళ్ళు. కొలంబియా గెలిచినట్టే అని అందరూ అనుకుంటున్న ఆఖరు నిమిషాల్లో ఆమె దూరంనుంచి కొట్టి స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో మరొక గోలు చేసింది. అయినా ఆట 4-4గా ముగియటంతో పెనాల్టీలతో తేల్చుకోవలసి వచ్చింది. మార్తా వంతు వచ్చింది. ఆమె గోలు కొడితే కప్పు బ్రెజిలుదే. కొలంబియా గోల్‌కీపరు ఆపేసింది!

2007లో అయితే కథ అక్కడితో ముగిసేది. ఈసారి బ్రెజిలు గోల్‌కీపరు లొరేనా ఆ తరవాత ఒక పెనాల్టీ ఆపి కప్పు గెలిపించింది.

ప్రపంచంలో ఏటా ఆడవాళ్ళు చేసిన గోల్సన్నిటిలో మేలైన దానికి ఇచ్చే బహుమతికి ఇప్పుడు మార్తా పేరే పెట్టారు. 2024లో మొదటిసారి ఆ బహుమతి అందుకున్నది కూడా ఆమే. 2027 మహిళల ప్రపంచ కప్పు నడపటానికి ఎంపికయిన దేశం ఏదో తెలుసా? ఆడపిల్లలు బంతి తన్నరాదని ఒకప్పుడు శాసనం చేసిన ఆ బ్రెజిలే!